ఎండుటాకులు చెప్పిన తెగుళ్ల జాడ

లండన్ శివార్లలోని క్యూ ఉద్యానవనంలో పన్నెండున్నర లక్షల శిలీంధ్ర నమూనాలు భద్రంగా ఉన్నాయి. వాటిలో చాలావరకు చిన్న చిన్న కాగితపు పొట్లాలే. పొట్లం విప్పితే లోపల ఒక ఎండుటాకో, బెరడు ముక్కో, నాలుగు గింజలో ఉంటాయి. పైన సిరాతో రాసిన నాలుగు మాటలు: ఏ మొక్క, ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు కోశారు. ఆ పొట్లాల్లో 1840ల నాటి బంగాళాదుంప ఆకులు కొన్ని ఉన్నాయి. పొగాకు రంగుకు తిరిగాయి. గట్టిగా పట్టుకుంటే పొడి రాలతాయి. ఆకు అంచుల్లోనూ ఈనెల పక్కనా మిగతా భాగం కంటే ముదురు రంగులో మచ్చలుంటాయి. ఐర్లాండులో సుమారు పది లక్షల మందిని ఆకలితో, జ్వరాలతో బలిగొని, మరో పది లక్షల పైచిలుకు జనాన్ని ఓడలెక్కించిన తెగులు ఆ మచ్చల్లో ఉంది.

పంట తెగుళ్ల చరిత్ర రాసేవాళ్లకు మామూలుగా దొరికే ఆధారాలు ప్రభుత్వ నివేదికలు, పత్రికా వార్తలు, రైతుల మొరలు. వీటన్నిటికీ ఒకే లోటు. తెగులు వచ్చిన రోజుకూ అది మనిషి కంటపడిన రోజుకూ మధ్య ఏళ్లు దొర్లిపోతాయి. ‘ఆకులు మాడిపోయాయి’ అని రాసిన పాత నివేదిక చదివితే అవి బూజుకు మాడాయో, ఎండకు మాడాయో తేలదు. ఎండుటాకుతో ఆ చిక్కు లేదు. రోగమూ, రోగం తగిలిన మొక్కా, తేదీ, ఊరు అన్నీ ఒకే పొట్లంలో ఉంటాయి. గత పాతికేళ్లలో ఆ ఆకుల్లోంచి డీఎన్ఏ తీసి చదవడం సాధ్యమయ్యాక, పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయిన కొన్ని కథలను మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది.

రోగపు ఆకును ఎవరు దాచారు?

మొక్కలను నొక్కి, ఆరబెట్టి, అట్టకు అంటించి దాచే పద్ధతిని పదహారో శతాబ్దపు ఇటలీలో లూకా గీని అనే ఆచార్యుడు మొదలుపెట్టాడని చెబుతారు. ఇప్పుడు ప్రపంచమంతటా మూడున్నర వేలకు మించిన హెర్బేరియాల్లో నలభై కోట్లకు దగ్గరగా నమూనాలున్నాయి. వాటిలో అధిక భాగం ఆరోగ్యంగా ఉన్న మొక్కలే. పువ్వూ కాయా ఆకూ నిండుగా ఉన్న కొమ్మనే ఎవరైనా ఏరుకుంటారు కదా. తెగులు పట్టిన ఆకు వాటి మధ్యకు రెండు దారుల్లో చేరింది. తెగుళ్లనే చదవాలనుకున్నవాళ్లు ఏరికోరి కోసినవి కొన్ని. మంచి కొమ్మే అనుకుని కోస్తే, ఎవరూ గమనించని మచ్చతో పాటు వచ్చేసినవి మరికొన్ని.

ఈ రెండో రకం ఆకు ఎంత పెద్ద సాక్ష్యం చెప్పగలదో 1933లో తేలింది. గూడూరు ప్రాంతపు నిమ్మ రైతులు గజ్జి తెగులు అని పిలిచే జబ్బు 1910 ప్రాంతంలో జపాన్ నారుతో అమెరికాలోని ఫ్లోరిడాకు చేరింది. దాన్ని వదిలించుకోవడానికి లక్షల కొద్దీ చెట్లనూ నారునూ తగలబెట్టారు. అది అసలు ఎక్కడిదన్న వాదం నడుస్తున్న రోజుల్లో ఫాసెట్, అన్నా జెంకిన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఉన్న హెర్బేరియాల్లో నిమ్మజాతి అట్టలను ఒక్కొక్కటిగా పరిశీలించారు. 1827-31 మధ్య భారతదేశంలో కోసిన మాదీఫలం ఆకుల మీద, 1842-44 మధ్య ఇండోనేషియా దీవుల్లో కోసిన నిమ్మ ఆకుల మీద గజ్జి పొక్కులు కనిపించాయి. అంటే ఫ్లోరిడా చెట్లు తగలబడటానికి ఎనభై ఏళ్ల ముందే ఈ జబ్బు మన నేల మీద ఉంది. ఆ ఆకులు కోసినవాళ్లకు ఆ సంగతి తెలియదు. గజ్జి తెగులుకు కారణం శిలీంధ్రం కాదు, బాక్టీరియా. అయినా ఎండుటాకుల్లో తెగులు పుట్టుక వెతికే పనికి తొలి గట్టి ఉదాహరణల్లో ఇదొకటి. ఆ ఇద్దరికీ పనికొచ్చినవి చూపు, ఓపిక. 2021లో మరో బృందం మారిషస్‌లో 1937 నాటి ఎండిన నిమ్మజాతి ఆకు నుంచి అదే బాక్టీరియా జన్యుక్రమం మొత్తాన్ని చదివింది.

ఏరికోరి కోసినవాళ్ల విషయానికొస్తే, పంతొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో శిలీంధ్ర సేకరణ ఒక పెద్ద వ్యసనం. ఒకే చోట కోసిన ఆకులను పదుల భాగాలు చేసి, అచ్చు చీటీలు అంటించి, పుస్తకాల్లా కట్టి చందాదారులకు పంపేవారు. ఈ అలవాటు తర్వాతి తరాలకు మేలు చేసింది. ఒక ఊళ్లో హెర్బేరియం కాలిపోయినా అదే ఆకు తోబుట్టువు మరో దేశంలో బతికి ఉంటుంది. బెర్లిన్ హెర్బేరియంలో ఎక్కువ భాగం 1943 మార్చి నాటి బాంబుదాడిలో బూడిదైనప్పుడు ఆ మేలు ఎంతటిదో తెలిసొచ్చింది.

1845 వేసవి

బంగాళాదుంపలో ఆకుమాడు తెగులు 1843లో అమెరికా తూర్పు తీరంలో, న్యూయార్క్, ఫిలడెల్ఫియా పరిసరాల్లో కనిపించింది. 1845 వేసవి మొదట్లో బెల్జియంలోని కోర్‌ట్రే చుట్టుపక్కల పొలాలు నల్లబడ్డాయి. అక్కడి నుంచి ఆ తెగులు ఫ్రాన్స్, హాలండ్, ఇంగ్లండు మీదుగా శరత్కాలానికి ఐర్లాండు చేరింది. ఆ దేశపు పేదలకు పూటకూ బంగాళాదుంపే ఆధారం. మరుసటి ఏడాది పంట దాదాపు మొత్తం కుళ్లింది.

కారణమేమిటన్న దానిపై పెద్ద రచ్చ జరిగింది. చలి, వాన ఎక్కువై మొక్క నీరు పట్టి కుళ్లిందని లండన్ పండితుడు జాన్ లిండ్లీ అన్నాడు. ఆకు అడుగున కనిపించే తెల్లని నూగు కుళ్లు మీద పుట్టిన బూజే తప్ప కుళ్లుకు కారణం కాదన్నది ఆ కాలపు పెద్దల మాట. ఇంగ్లండులోని కింగ్స్ క్లిఫ్ అనే పల్లెలో ఉండే చర్చి గురువు మైల్స్ జోసెఫ్ బర్క్‌లీ ఒప్పుకోలేదు. ఆయన సూక్ష్మదర్శినిలో చూశాడు, బొమ్మలు గీశాడు, ఆ బూజే జబ్బును తెస్తోందని 1846లో రాశాడు. పారిస్‌లో నెపోలియన్ సైన్యపు మాజీ వైద్యుడు కమీల్ మోంటాన్య 1845 ఆగస్టులోనే ఆ బూజుకు ఒక పేరు పెట్టాడు. ఇద్దరూ ఉత్తరాల్లో ఆకులు పంపుకున్నారు. వాదం గెలవడానికి పదిహేనేళ్లు పట్టింది. 1861లో జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ ఆరోగ్యమైన మొక్కకు ఆ బూజు అంటించి జబ్బు తెప్పించి చూపాడు. 1876లో ఆయనే దానికి ఫైటోఫ్తోరా అని పేరు మార్చాడు. మొక్కలను నాశనం చేసేది అని ఆ గ్రీకు మాటకు అర్థం.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఫైటోఫ్తోరా చూడటానికి బూజే. పొలంలో దాని పని కూడా బూజు పనే. పాత పుస్తకాలన్నీ దాన్ని శిలీంధ్రాల్లోనే చేర్చాయి. కానీ దాని కణపు గోడలో ప్రధానంగా ఉండేది శిలీంధ్రాల్లో ఉండే కైటిన్ కాదు, సెల్యులోజ్. వంశవృక్షంలో అది సముద్రపు గోధుమరంగు నాచుకు దగ్గరి బంధువు. తడి ఆకు మీద దాని బీజాలు రెండు తోకలతో ఈదుతాయి. అందుకే మబ్బు పట్టి, ముసురు విడవని వారంలో అది పొలాన్ని చుట్టేస్తుంది. రైతుకు ఈ తేడాతో ఒక చిక్కుంది: శిలీంధ్రాలపై పనిచేసే మందులు కొన్ని దీని మీద పనిచేయవు.

బర్క్‌లీ తన నమూనాలన్నిటినీ, సుమారు పదివేల వాటిని, 1879లో క్యూకి ఇచ్చేశాడు. వాటితో పాటు ఆ కరువు నాటి ఆకులూ వెళ్లాయి. డీఎన్ఏ అన్న మాట పుట్టని రోజులవి.

గోరంత ముక్కలో ఏముంది?

1994లో అమెరికాలోని గుడ్విన్, కోహెన్, ఫ్రై ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చిన బతికున్న ఫైటోఫ్తోరా నమూనాలను పోల్చి చూశారు. మెక్సికో బయట దాదాపు ప్రతి చోటా ఒకే వంశపు నకళ్లు కనిపించాయి. దానికి యూఎస్-1 అని పేరు పెట్టారు. 1845లో ఐర్లాండును ముంచింది కూడా ఇదేనని, అప్పటి నుంచి నూట యాభై ఏళ్లుగా రాజ్యమేలుతోందని అందరూ నమ్మారు. నమ్మడానికి వీలుగానే ఉంది ఆ లెక్క. కాకపోతే 1845 నాటి ఆకును ఎవరూ అడగలేదు.

అడిగింది ఉత్తర కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జీన్ రిస్టైనో. ఐర్లాండు, బ్రిటన్, యూరప్‌ల నుంచి కరువు కాలంలో సేకరించిన ఆకుల నుంచి మైటోకాండ్రియా డీఎన్ఏ తునకలను ఆమె బృందం పెంచి చదివింది. 2001లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ ఫలితం సూటిగా ఉంది. యూఎస్-1కి గుర్తుగా ఉండాల్సిన 1బి అనే రకం ఆ ఆకుల్లో లేదు. మూడేళ్ల తర్వాత అక్కడున్నది 1ఎ రకమని తేలింది. ఒక్క అక్షరం తేడాతో నూట యాభై ఏళ్ల కథ అడ్డం తిరిగింది.

ఈ పని ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూస్తే దాని కష్టం అర్థమవుతుంది. ముందు హెర్బేరియం నిర్వాహకుల అనుమతి కావాలి, ఎందుకంటే కోసిన ముక్క మళ్లీ రాదు. మచ్చ అంచున, బాగున్న భాగం తెగులు సోకిన భాగం కలిసే చోట, చిటికెన వేలి గోరంత ముక్కను స్టెరైల్ కత్తితో తీస్తారు. తెగులు చురుగ్గా పాకుతూ ఉన్న చోటు అదే. ఆ ముక్కను తీసుకెళ్లే గదిలో ఇప్పటి ఫైటోఫ్తోరాతో ఎప్పుడూ పని చేసి ఉండకూడదు. లోపల పనిచేసేవాళ్లు తల నుంచి కాలి దాకా తెల్లటి దుస్తుల్లో, రెండు జతల చేతి తొడుగులతో ఉంటారు. గాలిలోంచి ఒక్క కొత్త బీజం పడినా పాత కథలో కొత్త పాత్ర దూరిపోతుంది.

బయటికొచ్చే డీఎన్ఏ నిండు దారం కాదు, నుసి. ఒక్కో తునకలో పదుల అక్షరాలే ఉంటాయి. అటకెక్కించి మరిచిన తాళపత్రాల కట్టను చెద తిన్నాక మిగిలిన ముక్కలను ఊహించుకుంటే సరిపోతుంది. వాటిలో బంగాళాదుంపవి కొన్ని, ఫైటోఫ్తోరావి కొన్ని, ఆకు ఎండాక చేరిన సూక్ష్మజీవులవి కొన్ని. కంప్యూటర్ ప్రతి ముక్కనూ 2009లో పూర్తిగా చదివిన ఫైటోఫ్తోరా జన్యుక్రమం పక్కన పెట్టి దాని చోటు వెతుకుతుంది. ఆ జన్యుక్రమం పొడవు ఇరవై నాలుగు కోట్ల అక్షరాలు. ముక్క నిజంగా పాతదేనా అన్న సందేహాన్ని ఆ ముక్కే తీరుస్తుంది. కాలం గడిచేకొద్దీ డీఎన్ఏ తునకల చివర్లలో సైటోసిన్ అనే అక్షరం చెడిపోయి థైమిన్‌లా చదవబడుతుంది. ఆ మార్పులు చివర్లలో గుంపుగా కనిపిస్తే అది పాత డీఎన్ఏ. నునుపుగా, చెక్కుచెదరకుండా ఉంటే అనుమానించాలి. శిథిలమే ఇక్కడ సాక్షి సంతకం.

2013లో రెండు బృందాలు విడివిడిగా ఈ దారిన నడిచి జన్యుక్రమాలను బయటికి తీశాయి. యోషిదా, బుర్బానో తదితరులు మ్యూనిక్, క్యూ నిల్వల్లోని 1845-96 మధ్య నాటి పదకొండు నమూనాలు చదివారు. ఆ ఆకులన్నిటిలో ఉన్నది ఒకే వంశం. యూఎస్-1కి దగ్గరి చుట్టమే కానీ యూఎస్-1 కాదు. దానికి హెర్బ్-1 అని పేరు పెట్టారు. ప్రతి ఆకుకూ తేదీ తెలుసు కనుక, ఏటా ఎన్ని అక్షరాలు మారుతున్నాయో లెక్కగట్టి ఆ రెండు వంశాలు ఎప్పుడు విడిపోయాయో అంచనా వేయగలిగారు. కరువుకు కొద్ది దశాబ్దాల ముందే అవి వేరుపడ్డాయని తేలింది. తేదీ లేని ఆకుతో ఈ లెక్క కుదరదు. చీటీ మీద నాలుగు మాటలు రాసిన ఆ చేతికి ఇక్కడ మొక్కాలి.

రిస్టైనో బృందం అదే వంశాన్ని ఫామ్-1 అని పిలిచి, దాని ప్రయాణాన్ని ఇంకా విస్తారంగా వెతికింది. జన్యుక్రమం మొత్తం చదవకుండా పన్నెండు గుర్తులను మాత్రమే పోల్చే చౌక పద్ధతితో ఆరు ఖండాల నుంచి వచ్చిన 137 పాత నమూనాలను పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించింది. వాటిలో 73 శాతం ఫామ్-1వే. ఐర్లాండుతో ఆగిపోయిందనుకున్న వంశం ఆ తర్వాత ఆఫ్రికా, ఆసియాల దాకా వెళ్లింది. వలస పాలకుల ఓడల్లో విత్తన దుంపలతో పాటే అది కూడా ప్రయాణం కట్టిందని పరిశోధకుల అభిప్రాయం. ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా అది చాలా దేశాల్లో కనిపిస్తూనే ఉంది. ఆ తర్వాతే యూఎస్-1 దాని చోటు ఆక్రమించింది. నీలగిరి కొండల్లో 1870-80 మధ్య, డార్జిలింగ్‌లో 1883లో ఈ తెగులు తొలిసారి కనిపించిందన్న మన పాత నివేదికలను ఈ పటం పక్కన పెట్టి చూస్తే, కొండ ప్రాంతపు తెల్లదొరల తోటల్లోకి అది ఏ దారిన వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

బంగాళాదుంపను మాడ్చే ఈ ఫైటోఫ్తోరా జాతి పూర్తి పేరు ఫైటోఫ్తోరా ఇన్‌ఫెస్టాన్స్. దాని పుట్టిల్లు మెక్సికోలోని టొలూకా లోయా, ఆండీస్ పర్వతాలా అన్న వాదం మాత్రం తెగలేదు. ఇప్పటి నమూనాల ఆధారంగా 2014లో ఒక బృందం మెక్సికో వైపు మొగ్గింది. పాత నమూనాలు చదివినవాళ్లలో కొందరు ఆండీస్ వైపు నిలబడ్డారు. ఇరుపక్షాల చేతిలోనూ గట్టి ఆధారాలే ఉన్నాయి.

కాఫీ, చెస్ట్‌నట్

బంగాళాదుంప ఆకును చూసిన కన్నే పాతికేళ్ల తర్వాత మరో విపత్తును చూసింది. 1869లో సిలోన్‌లోని పేరాదెణియ ఉద్యానవనం నుంచి త్వెయిట్స్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పంపిన కాఫీ ఆకులు బర్క్‌లీ చేతికి వచ్చాయి. ఆకు అడుగున నారింజ రంగు పొడి. వేలికి అంటుకుంటే పసుపు అంటినట్టే. ఆ పొడిలోని బీజాలు ఒకవైపు గరుకుగా, మరోవైపు నునుపుగా ఉండటం చూసి బర్క్‌లీ, ఆయన సహచరుడు బ్రూమ్ దానికి హెమిలియా వాస్టాట్రిక్స్ అని పేరు పెట్టారు. ‘సగం నునుపైన వినాశకారి’ అని స్థూలంగా చెప్పుకోవచ్చు. పేరు పెట్టిన ఇరవై ఏళ్లలోపే సిలోన్ కాఫీ తోటలు కూలిపోయి ఆ దేశం తేయాకుకు మళ్లింది. మన దేశంలోని కాఫీ కొండల్లోకీ ఆ తుప్పు తెగులు అప్పుడే చేరింది. 1970లో అది బ్రెజిల్‌లో కనిపించేదాకా అమెరికా ఖండాలు దాని నుంచి తప్పించుకున్నాయి. అరకు గిరిజన రైతుల కాఫీ తోటల్లోనూ తుప్పును తట్టుకునే రకాల కోసం వెతుకులాట ఇప్పటికీ ఉంది.

చెస్ట్‌నట్ కథ దీనికి తిరగేసిన ముఖం. 1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జంతుశాల చెట్ల బెరడు పగిలి, నారింజ చుక్కలు తేలి, కొమ్మలు ఎండాయి. కొన్ని దశాబ్దాల్లో తూర్పు అమెరికా అడవుల నుంచి వందల కోట్ల చెస్ట్‌నట్ చెట్లు పోయాయి. ఈ శిలీంధ్రం అమెరికాదేనని, కరవు వల్ల బలహీనపడ్డ చెట్లను ఇప్పుడు పట్టిందని కొందరు పెద్ద శాస్త్రవేత్తలు వాదించారు. బయటి నుంచి వచ్చిందని మరికొందరు. పాత హెర్బేరియం నమూనాలను తెచ్చి పోల్చుకున్నా మాట తెగలేదు. 1913లో అమెరికా వ్యవసాయ శాఖ తరఫున చైనాలో మొక్కలు వెతుకుతున్న ఫ్రాంక్ మేయర్ బీజింగ్‌కు ఈశాన్యంగా ఉన్న కొండల్లో జబ్బు పట్టిన చెస్ట్‌నట్ బెరడు ముక్కను కోసి వాషింగ్టన్‌కు పంపాడు. దానిలోంచి పెంచిన శిలీంధ్రం అమెరికా శిలీంధ్రంతో సరిపోయింది. చైనా చెట్లు దానితో బతుకుతున్నాయి, అమెరికా చెట్లు చస్తున్నాయి. తపాలాలో వచ్చిన ఒక్క బెరడు ముక్కతో వాదం ముగిసింది.

గోదావరి మొవ్వు, సామర్లకోట చెరుకు

తెలుగు నేలకు ఈ చరిత్రలో దక్కింది చిన్న చోటు కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో గోదావరి డెల్టాలో తాటిచెట్లు వింతగా చచ్చిపోయేవి. చుట్టూ ఉన్న మట్టలు పచ్చగానే ఉండగా నడిమి మొవ్వు వాడిపోయేది. లాగితే ఊడి చేతికొచ్చేది. అడుగున దుర్వాసన కొట్టే కుళ్లు. ఇంటి కప్పుకు, కల్లుకు, ముంజలకు, బెల్లానికి తాటినే నమ్ముకున్న పల్లెల్లో ఇది చిన్న నష్టం కాదు. పక్కనే ఉన్న కొబ్బరికీ అదే భయం. బిహార్‌లోని పూసాలో 1905 నుంచి ప్రభుత్వ శిలీంధ్ర శాస్త్రవేత్తగా ఉన్న ఎడ్విన్ జాన్ బట్లర్ ఈ చెట్లను చదివి, 1907లో ఆ జీవికి పిథియమ్ పాల్మివోరమ్ అని పేరు పెట్టాడు. తర్వాత 1919లో దాన్ని ఫైటోఫ్తోరాల్లో చేర్చాడు. మద్రాసు ప్రభుత్వం చెట్లెక్కేవాళ్లను పెట్టి, జబ్బు చెట్ల తలలు కోయించి కాల్పించింది. ఆ పని ఏళ్ల తరబడి సాగింది.

అదే ఫైటోఫ్తోరా పాల్మివోరా ఇప్పుడు ప్రపంచమంతటా కోకో తోటల్లో కాయలను నల్లగా కుళ్లబెడుతున్న జీవుల్లో ఒకటి. ఉభయ గోదావరి జిల్లాల్లో కొబ్బరి నీడన కోకో వేసిన రైతులకు వానాకాలంలో ఈ కుళ్లు తెలిసిందే. తాటి మొవ్వులో పేరు సంపాదించుకున్న జీవి కోకో కాయలో కాపురం పెట్టడం చూస్తే, పాత పొట్లం ఎందుకు కావాలో అర్థమవుతుంది. నూరేళ్ల కిందటి తాటి మొవ్వులో ఉన్న వంశమూ, ఇప్పటి కోకోలో ఉన్నదీ ఒకటేనా అన్న ప్రశ్నకు బతికున్న నమూనా ఒక్కటే జవాబు చెప్పలేదు.

చెరుకుది ఇంకో కథ. గడను నిలువునా చీలిస్తే ఎర్రబడ్డ గుజ్జు మధ్య అడ్డంగా తెల్లటి మచ్చలు, పులిసిన సారా వాసన. జావాలో 1893లో వెంట్ అనే శాస్త్రవేత్త వర్ణించిన ఈ జబ్బును 1901లో బార్బర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు గోదావరి డెల్టాలో గుర్తించాడు. దానికి ఎర్రకుళ్లు అన్న పేరును స్థిరపరిచింది 1906లో బట్లరే. ఈ జబ్బు దెబ్బకు డెల్టాలో చెరుకు సాగు కుదేలవగా, తట్టుకునే రకాలు వెతకడానికి 1902లో సామర్లకోటలో పరిశోధన క్షేత్రం పెట్టారు. నాటే ముచ్చెలతోనే రోగం ఊరూరా తిరుగుతుందని రైతుకు అప్పుడే అనుభవమైంది.

బట్లర్ పూసాలో కట్టుకున్న శిలీంధ్ర హెర్బేరియం 1934 జనవరి భూకంపం తర్వాత సంస్థతో పాటు ఢిల్లీకి తరలింది. ఇప్పుడు అది భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఉంది. సుమారు యాభై వేల నమూనాలున్న ఈ నిల్వ దేశంలో పంట తెగుళ్ల చరిత్రకు మూలధనం లాంటిది. బట్లర్ 1920లో లండన్ వెళ్లి క్యూలో సామ్రాజ్య శిలీంధ్ర సంస్థకు తొలి సంచాలకుడయ్యాడు. వలస దేశాలన్నిటి నుంచి తెగులు ఆకులు అక్కడికి చేరేవి. ఆ నిల్వ కూడా 2009లో క్యూ నిల్వలో కలిసిపోయింది. అలా మన పొలాల నాటి సాక్ష్యం కొంత ఢిల్లీలో, కొంత లండన్‌లో ఉంది. ఈ దేశపు తెగుళ్ల చరిత్ర రాయాలంటే రెండు చోట్లా తలుపు తట్టక తప్పదు.

గాజు సీసాల్లో గోధుమ, చలిపెట్టెలో కాఫీ

ఆకు మాత్రమే సాక్షి కాదు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగంలో ఏటా గడ్డినీ గింజలనూ సీసాల్లో పోసి ముద్ర వేస్తూ వచ్చారు. 2005లో అక్కడి శాస్త్రవేత్తలు ఆ గడ్డిలో రెండు ఆకుమచ్చ శిలీంధ్రాల డీఎన్ఏను ఏడాది వారీగా కొలిచారు. ఒకటి పెరిగితే మరొకటి తగ్గుతూ వచ్చింది. వానతోనో ఎరువుతోనో అంత గట్టిగా కలవని ఆ హెచ్చుతగ్గులు దేశంలో బొగ్గు కాల్చడం వల్ల గాలిలో కలిసిన గంధకపు పొగ లెక్కలతో కలిశాయి. పొలంలో ఏ తెగులు రాజ్యమేలాలో కర్మాగారాల పొగగొట్టం నిర్ణయించిందన్న మాట.

ఆఫ్రికాలో కాఫీ ఎండు తెగులు మరో రకం నిల్వను పనికి తెచ్చింది. 1927లో మధ్య ఆఫ్రికాలో కనిపించిన ఈ జబ్బును దశాబ్దాల పాటు పోరాడి అణిచారు. 1970ల్లో కాంగోలో, 1990ల్లో ఉగాండాలో అది మళ్లీ లేచి రోబస్టా తోటలను తుడిచిపెట్టింది. లిల్లీ పెక్ తదితర శాస్త్రవేత్తలు ఈ జబ్బుకు కారణమైన, ఇంగ్లండులో గడ్డకట్టించి దాచిన 1950ల నాటి ఫ్యూజేరియం శిలీంధ్రాలను నిద్ర లేపి, వాటి జన్యుక్రమాలు చదివారు. రెండో విజృంభణకు ముందు ఈ శిలీంధ్రం మరో ఫ్యూజేరియం జాతి నుంచి జన్యువులను సంపాదించుకున్న ఆనవాళ్లు దొరికాయి. ఎండుటాకులో శిలీంధ్రం చనిపోయి ఉంటుంది, దాని అక్షరాలు మాత్రమే మిగులుతాయి. చలిపెట్టెలోది బతికే ఉంటుంది. మళ్లీ మొక్కకు అంటించి ఏం చేస్తుందో చూడవచ్చు. రెండూ కావాలి.

ఎండుటాకుకూ హద్దులున్నాయి. ఎముకల్లో కంటే ఆకుల్లో డీఎన్ఏ ఆరు రెట్లు వేగంగా శిథిలమవుతుందని 2016లో ఒక పరిశోధన లెక్కగట్టింది. పురుగు పట్టకుండా పూర్వం మెర్క్యురిక్ క్లోరైడ్ పూసేవారు. పాత అట్టలు ముట్టుకునేవాళ్లకు ఆ విషం ఇప్పటికీ ప్రమాదమే. సేకరించినవాళ్లు రైలు దారుల వెంట, ఉద్యానవనాల చుట్టూ, తమ విడిదికి దగ్గరలో తిరిగారు. కాబట్టి ఒక జిల్లా నుంచి తెగులు ఆకు లేదంటే అక్కడ తెగులు లేదని కాదు, అటు ఎవరూ వెళ్లలేదని కావచ్చు. చీటీ మీద రాసిన పేరు తప్పయి ఉండవచ్చు కూడా. ఇంత విలువైన పొట్లాలకు ఇప్పుడు చోటు కరువవుతోంది. 2024 ఫిబ్రవరిలో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం ఎనిమిది లక్షలకు పైగా నమూనాలున్న తన హెర్బేరియాన్ని మూసేస్తామని ప్రకటించినప్పుడు ప్రపంచంలోని వృక్షశాస్త్రజ్ఞులు గగ్గోలు పెట్టారు. ఆ బాధ సమంజసమే. పుస్తకం పోతే మరో ప్రతి దొరకవచ్చు, 1880 నాటి పొలంలోకి వెళ్లి మళ్లీ ఆకు కోసుకు రాలేం.

2009-10లో కర్ణాటక పరిసరాల్లో టమాటా తోటలు ఉన్నట్టుండి నల్లబడ్డాయి. చౌదప్ప తదితర శాస్త్రవేత్తలు ఆ కాయలనూ ఆకులనూ పరీక్షించి, కారణం ఫైటోఫ్తోరా ఇన్‌ఫెస్టాన్స్‌లోని 13-ఎ2 అనే దూకుడు వంశమని 2013లో తేల్చారు. కొన్నేళ్ల ముందు యూరప్‌ను చుట్టబెట్టింది కూడా అదే. అంతకుముందు ఇక్కడి పొలాల్లో ఉన్నది యూఎస్-1. ఫామ్-1ను తరిమిన యూఎస్-1ను ఇప్పుడు 13-ఎ2 తరిమింది. ఒకప్పుడు ప్రపంచమంతా తిరిగిన యూఎస్-1 చాలా దేశాల్లో పొలం నుంచి దాదాపు మాయమైంది. అక్కడ దాన్ని చూడాలంటే, 1845 నాటి ఆకులున్నట్టే, తేదీ రాసిన పొట్లాల్లోనూ చలిపెట్టెల్లోనూ వెతకాలి.